కప్ప శరీరంలో ఏది ఎలా పనిచేస్తుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో నీట్‌కు చదివే పిల్లలు, నర్సంపేట, ములుగు వైపు బడిపిల్లలు, అప్పుడప్పుడు రైతులు అడిగే ప్రశ్నలివి. పరీక్షకు పనికొచ్చేవీ పొలం గట్టు మీద పుట్టినవీ కలిసే ఉన్నాయి. ఒక్క మాట ముందే చెబుతాను. కప్పను జీర్ణవ్యవస్థ నుంచో గుండె నుంచో మొదలుపెట్టి చదివితే విడివిడి ముక్కలే గుర్తుంటాయి. చర్మం దగ్గర మొదలుపెడితే గుండె, ఊపిరితిత్తులు, మూత్రాశయం అలా ఎందుకున్నాయో వాటంతట అవే అర్థమవుతాయి. అందుకే చర్మం గురించిన ప్రశ్నలు ముందు పెట్టాను.

పుస్తకంలో ఉన్న కప్ప, మా పొలంలో ఉన్న కప్ప ఒకటేనా?

ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో ఉన్నది రానా టైగ్రినా. ఇప్పుడు శాస్త్రవేత్తలు దాన్ని హోప్లోబట్రాకస్ టైగరినస్ అంటున్నారు. పరీక్షలో పుస్తకంలో ఉన్న పేరే రాయండి. మన వరి మడుల్లో, చెరువు కింది కాలువల్లో ఉండే పెద్ద బోదురుకప్ప ఇదే. బాగా పెరిగినది 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది.

అయితే మన చుట్టూ ఉన్నవన్నీ అవి కావు. సాయంత్రం వీధి దీపం కింద పురుగుల కోసం కూర్చునే గరుకు చర్మం కప్ప టోడ్. దాని వేళ్ల కొసలు, తల మీది గట్లు నల్లగా ఉంటాయి. అడుగు చప్పుడుకే కుంట నీళ్ల మీద టపటపా ఎగురుకుంటూ పారిపోయే చిన్నది ఇంకో జాతి. బాత్రూం గోడకు అతుక్కుని కూర్చునేది చెట్టుకప్ప, దాని వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు ఉంటాయి. పాకాల, లక్నవరం లాంటి చెరువుల ఆయకట్టులో ఒక్క రాత్రి టార్చి పట్టుకుని తిరిగితే ఇవన్నీ కనిపిస్తాయి. లోపలి అవయవాల అమరిక మాత్రం అన్నింటిలో దాదాపు ఒకటే.

మిరుగం వానలకు పసుపుపచ్చగా మెరిసే కప్పలు కనిపిస్తాయి. అవి విషపు కప్పలా?

కావు. అవి మగ బోదురుకప్పలే. మిగతా ఏడాదంతా ఆకుపచ్చ, మట్టి రంగు కలిసి ఉంటాయి. తొలి వానలకు జత కట్టే కాలంలో ఒళ్లంతా నిమ్మపండు రంగుకు మారుతుంది, గొంతుకు రెండు పక్కలా నీలం సంచులు ఉబ్బుతాయి. కొన్నాళ్లకు మళ్లీ మామూలు రంగు వచ్చేస్తుంది. ఏటా జూన్‌లో ఫోన్‌లో ఫొటో తీసి "ఇది ఏ దేశం నుంచి వచ్చింది సార్?" అని అడిగేవాళ్లు ఉంటారు. మన దేశందే, మన మడిలో పుట్టినదే.

చర్మంలో రంగు కణాలు ఉంటాయి. వాటిలోని రంగు రేణువులు విచ్చుకుంటే చర్మం ముదురుగా, ముడుచుకుంటే లేతగా కనిపిస్తుంది. హార్మోన్లు, వెలుతురు, చలి అన్నీ వీటి మీద పనిచేస్తాయి. అందుకే చీకటి గూట్లో నుంచి తీసిన కప్ప నల్లగా, ఎండలో కూర్చున్నది లేతగా ఉంటుంది.

కప్ప నీళ్లు తాగుతుందా?

నోటితో తాగదు. తడి నేల మీద పొట్ట ఆనించి కూర్చుంటుంది. పొట్ట కింది భాగంలో, తొడల మధ్య చర్మం చాలా పలచగా, రక్తనాళాలతో నిండి ఉంటుంది. నీళ్లు ఎక్కువగా అక్కడి నుంచే లోపలికి వెళ్తాయి. బిందె కింద, కూలర్ కింద, కొళాయి దగ్గర తడిలో కప్ప కాళ్లు చాపుకుని కదలకుండా ఉంటే అది నిద్రపోతోందనుకోకండి, నీళ్లు తాగుతోంది.

చర్మంతో గాలి పీల్చడం అంటే సరిగ్గా ఏం జరుగుతుంది?

కప్ప చర్మం మీద పొలుసులు, వెంట్రుకలు లేవు. కిందే సన్నని రక్తకేశనాళికల వల ఉంటుంది. శ్లేష్మ గ్రంథులు ఆ చర్మాన్ని ఎప్పుడూ జిగటగా, తడిగా ఉంచుతాయి. ఆక్సిజన్ ముందు ఆ తడిలో కరిగి, తర్వాత రక్తంలోకి దిగుతుంది. చర్మం ఎండితే ఈ దారి మూసుకుపోయినట్టే.

చాలామంది పుస్తకంలో వదిలేసే సంగతి ఒకటుంది. ఊపిరితిత్తులు నిండుగా పనిచేస్తున్నప్పుడు కూడా కార్బన్ డయాక్సైడ్ బయటికి వెళ్లేది ఎక్కువగా చర్మం నుంచే. ఆక్సిజన్ తెచ్చుకోవడానికి ఊపిరితిత్తులు, కార్బన్ డయాక్సైడ్ వదిలించుకోవడానికి చర్మం అని స్థూలంగా పని పంచుకున్నాయి. నీటి అడుగున ఉన్నప్పుడు, బురదలో దాక్కున్నప్పుడు రెండు పనులూ చర్మం మీదే పడతాయి.

ఇంకో విషయం. కప్ప చర్మం కండకు అంతటా అతుక్కుని ఉండదు. చేత్తో పట్టుకుంటే వదులుగా జారుతుంది. లోపల శోషరసం (లింఫ్) అనే పలచని ద్రవం నిండిన పెద్ద పెద్ద ఖాళీలు ఉంటాయి, కొన్ని చోట్ల మాత్రమే చర్మం కండకు కట్టుకుని ఉంటుంది. కొన్నాళ్లకోసారి పై పొరను విడిచి, రెండు చేతులతో నోట్లోకి లాక్కుని తానే తినేస్తుంది.

బాత్రూంలోకి వచ్చిన కప్ప మీద ఉప్పు చల్లితే పోతుందని మా అమ్మమ్మ అంటుంది. చల్లొచ్చా?

వద్దు. ఉప్పు పడగానే ఆ పలచని చర్మంలోంచి ఒంట్లో నీళ్లు బయటికి లాగేస్తుంది, ఉప్పు లోపలికి దిగుతుంది. కప్ప పోతుంది, నిజమే, కానీ చచ్చిపోతుంది. ఫినాయిల్, బ్లీచింగ్ కూడా అంతే. దాని మీద మగ్గు బోర్లించి, కింద నుంచి అట్ట ముక్క తోసి, అలాగే ఎత్తి బయట పూలకుండీ దగ్గర వదిలేయండి. అమ్మమ్మకు ఇలా చేసి చూపిస్తే చాలు, వాదన అక్కర్లేదు.

కప్పకు పక్కటెముకలు, డయాఫ్రం రెండూ లేవు కదా. మరి ఊపిరి ఎలా పీలుస్తుంది?

మనం ఛాతీని పెద్దది చేసి గాలిని లోపలికి లాక్కుంటాం. కప్ప గాలిని లోపలికి తోస్తుంది. మన ఊళ్లో చేతి బోరింగు కొట్టినట్టు, నోటి అడుగు భాగాన్ని కిందికీ పైకీ ఆడిస్తుంది. ముందు ముక్కు రంధ్రాలు తెరిచి నోటి అడుగును కిందికి దించుతుంది. గాలి నోట్లోకి వస్తుంది. అప్పటికి ఊపిరితిత్తుల ద్వారం, అంటే కంఠబిలం, మూసే ఉంటుంది. తర్వాత అది తెరుచుకుని పాత గాలి బయటికి పోతుంది. ఆ వెంటనే ముక్కు మూసేసి నోటి అడుగును పైకి నొక్కుతుంది. దారి ఒకటే కాబట్టి గాలి ఊపిరితిత్తుల్లోకి దూరుతుంది. కంఠబిలం మళ్లీ మూసుకుంటుంది.

ఇది చూడటానికి కప్పను కోయాల్సిన పనే లేదు. గట్టు మీద కూర్చున్న బోదురుకప్పకు రెండు మూడు గజాల దూరంలో కదలకుండా కూర్చోండి. గొంతు కింది చర్మం గబగబా అదురుతూనే ఉంటుంది, ముక్కు తెరిచే ఉంటుంది. అది నోట్లోకి మాత్రమే వచ్చిపోయే గాలి. ఓపిక పట్టి చూస్తే మధ్యమధ్యలో ఒకసారి ముక్కు రంధ్రాలు చటుక్కున మూసుకుంటాయి, గొంతు లోతుగా పైకి పోతుంది, డొక్కలు ఉబ్బుతాయి. ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్లింది అప్పుడే. పుస్తకంలో ఆస్యకుహర శ్వాసక్రియ, పుపుస శ్వాసక్రియ అని రెండుగా రాసింది ఈ తేడానే.

దీన్నిబట్టి ఒక తమాషా లెక్క తేలుతుంది. కప్ప నోరు బలవంతంగా తెరిచి ఉంచితే అది ఊపిరితిత్తులు నింపుకోలేదు. మనిషి ఆయాసపడితే నోరు తెరుస్తాడు, కప్ప మూసుకోవాలి.

మూడు గదుల గుండె అంటే మంచి రక్తం, చెడు రక్తం కలిసిపోతాయి కదా. అది లోపం కాదా?

ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. "చేపకు రెండు, కప్పకు మూడు, మనకు నాలుగు" అని మెట్లు మెట్లుగా చెప్పడం వల్ల కప్ప గుండె సగంలో ఆగిపోయిన పని అనిపిస్తుంది. ఆ మాటతో నేను ఒప్పుకోను.

ముందు దారి చూద్దాం. ఒళ్లంతా తిరిగిన రక్తం పెద్ద సిరల ద్వారా సిరాసరణి అనే పలచని సంచిలోకి, అక్కడి నుంచి కుడి కర్ణికలోకి, అంటే కుడి పై గదిలోకి, వస్తుంది. ఊపిరితిత్తుల నుంచి వచ్చేది ఎడమ కర్ణికలోకి వస్తుంది. రెండు కర్ణికలూ ఒకే జఠరికలోకి, అంటే కింది గదిలోకి, వదులుతాయి. జఠరిక నుంచి ఒక లావుపాటి నాళం బయల్దేరి రెండుగా చీలుతుంది, ఒక్కో పక్క మూడేసి కమానులు. ఒకటి తలకు, ఒకటి ఒంటికి, మూడోది ఊపిరితిత్తులకూ చర్మానికీ.

జఠరిక లోపల నున్నగా ఉండదు. గోడల నుంచి కండ పోగులు లోపలికి పొడుచుకొచ్చి చిన్న చిన్న అరలు చేస్తాయి. అందువల్ల రెండు వైపుల నుంచి వచ్చిన రక్తం అనుకున్నంతగా కలవదు. పైన నాళంలో మెలి తిరిగిన కవాటం ఒకటి ఉంటుంది, అది ఏ రక్తం ఏ కమానులోకి పోవాలో చాలావరకు మళ్లిస్తుంది. పరీక్షలో మాత్రం "జఠరికలో మిశ్రమ రక్తం" అనే జవాబే అడుగుతారు. అది రాసేయండి, ఇది గుర్తుంచుకోండి.

ఇక అసలు సంగతి చర్మంతో ముడిపడి ఉంది. చర్మంలో ఆక్సిజన్ నింపుకున్న రక్తం ఊపిరితిత్తుల రక్తంతో కలిసి ఎడమకు రాదు. ఒంటి సిరలతో కలిసి కుడి కర్ణికకే వస్తుంది. అంటే కుడి వైపు వచ్చేదంతా "చెడు రక్తం" అనడమే కుదరదు. కప్ప నీటిలో మునిగి ఉన్నప్పుడు ఊపిరితిత్తుల్లో కొత్త గాలి ఉండదు, అక్కడికి రక్తం పంపడం దండగ. అప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఒకే జఠరిక కాబట్టి రక్తం తేలిగ్గా ఒంటి వైపు, చర్మం వైపు మళ్లుతుంది. మన గుండెలో గోడ అడ్డం కాబట్టి కుడి వైపుకు వచ్చిన ప్రతి బొట్టూ ఊపిరితిత్తుల్లోంచే పోవాలి. నీళ్లలో గంటల తరబడి ఉండే జీవికి గోడ లేకపోవడమే లాభం.

నడుము వెనక రెండు పక్కలా ఏదో కొట్టుకుంటోంది. అది కూడా గుండేనా?

ఒక రకంగా అవును. కప్పకు శోషరస హృదయాలు ఉంటాయి, ముందు ఒక జత, వెనక ఒక జత. చర్మం కింద పెద్ద ఖాళీల్లో చేరే శోషరసాన్ని ఇవి తిరిగి సిరల్లోకి కొడతాయి. పొట్ట కింది నుంచి పీల్చుకున్న నీళ్లలో కొంత కూడా ఈ దారినే రక్తంలో కలుస్తుంది. వెనక జత వెన్ను చివర ఉండే యూరోస్టైల్ ఎముకకు అటూ ఇటూ చర్మం కిందే ఉంటుంది కాబట్టి వెలుతురు పక్క నుంచి పడితే అదురు కనిపిస్తుంది. అది గుండె లయతో కలవదు, దాని లెక్క దానిదే.

బయటికి తీసిన తర్వాత కూడా కప్ప గుండె కొట్టుకుంటుందట. నిజమా?

నిజమే. గుండె కొట్టుకోవడానికి ఆజ్ఞ మెదడు నుంచి రాదు, గుండె కండలోనే పుడుతుంది. కప్పలో అది సిరాసరణి దగ్గర మొదలవుతుంది. వేగం పెంచడం, తగ్గించడం మాత్రమే నాడుల పని. కప్ప ఒళ్లు చల్లగా ఉంటుంది కాబట్టి దాని కణాలు తక్కువ ఆక్సిజన్‌తో ఎక్కువసేపు నిలుస్తాయి. సరైన లవణాల నీళ్లలో ఉంచితే చాలాసేపు కొట్టుకుంటుంది.

ఆ "సరైన లవణాల నీళ్లు" ఏమిటన్నది తేల్చింది 1880ల్లో లండన్ వైద్యుడు సిడ్నీ రింగర్. కప్ప గుండెను స్వేదనజలంతో చేసిన ఉప్పునీళ్లలో పెడితే కొంతసేపటికి ఆగిపోతోంది. కొళాయి నీళ్లతో చేసిన ద్రావణంలో మాత్రం నడుస్తోంది. తేడా ఆ కొళాయి నీటిలోని కాల్షియంది. ఈరోజు ఆసుపత్రిలో ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) బాటిల్ ఎక్కించారంటే అందులో ఆర్ అంటే ఆ రింగరే. డెంగీతో పడుకున్న మన పిల్లలకు ఎక్కే సెలైన్ వెనక కప్ప గుండె ఉంది.

కప్ప గుండె వల్ల తేలిన రెండో సంగతి శాస్త్రవేత్త ఒట్టో లోవీ ప్రయోగం, 1921. ఒక కప్ప గుండెకు వెళ్లే వేగస్ నాడిని ప్రేరేపించాడు, గుండె నెమ్మదించింది. ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి ఇంకో కప్ప గుండెలో పోశాడు, అదీ నెమ్మదించింది. నాడులు రసాయనాలతో మాట్లాడతాయని అలా రుజువైంది. ఆ రసాయనం అసిటైల్‌కోలిన్. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి లోవీకి నోబెల్ ఇచ్చారు.

పురుగును పట్టేటప్పుడు కప్ప కళ్లు మూసుకుంటుంది ఎందుకు?

మూసుకోవడం కాదు, మింగడానికి కళ్లను వాడుకుంటోంది. కప్ప కనుగుడ్ల కింద ఎముక అడ్డం లేదు. కళ్లను లోపలికి గుంజుకుంటే అవి నోటి పైకప్పు మీద నొక్కి, పురుగును గొంతు వైపు తోస్తాయి. మిడతను మింగే కప్పను దగ్గర్నుంచి చూస్తే ప్రతి గుటకకూ కళ్లు తలలోకి దిగిపోతాయి.

నాలుక మన నాలుకకు తిరగేసినట్టు ఉంటుంది. ముందు కొస దవడకు అతుక్కుని, వెనక కొస రెండు చీలికలై వదులుగా ఉంటుంది. అందుకే రెప్పపాటులో బయటికి విసరగలదు. కదలనిదాన్ని మాత్రం తిండి అనుకోదు. ముందు చచ్చిన ఈగలు కుప్ప పోసినా ఆకలితోనే కూర్చుంటుంది.

కప్పకు పళ్లు ఉంటాయా?

పై దవడకు సన్నవి వరసగా, నోటి పైకప్పు మీద ఇంకో రెండు గుంపులు. కింది దవడకు లేవు. నమలడానికి కాదు, పట్టిన పురుగు జారిపోకుండా. టోడ్‌కు అసలే లేవు.

పేగు పొట్టిగా ఉంటుంది అంటారు, ఎందుకు?

పెద్ద కప్ప మాంసాహారి. పురుగులు, వానపాములు, నత్తలు, బోదురుకప్పకైతే చిన్న ఎలుక దొరికినా సరే. మాంసం అరగడానికి పొడవాటి పేగు అక్కర్లేదు. జీర్ణాశయంలో ఆమ్లం, ఎంజైములు పని మొదలుపెడతాయి, కాలేయం నుంచి పిత్తం, క్లోమం నుంచి రసాలు వచ్చి చిన్నపేగు మొదట్లో ఉండే ఆంత్రమూలంలో కలుస్తాయి, చివరికి అవస్కరం. మలం, మూత్రం, గుడ్లు లేదా వీర్యం అన్నింటికీ బయటికి ఆ ఒక్కటే దారి.

తోకకప్ప సంగతి వేరు. అది నాచు గీక్కుని తింటుంది కాబట్టి పేగు చాలా పొడవు, పొట్టలో చుట్టలు చుట్టుకుని ఉంటుంది. గాజు గ్లాసులో నీళ్లతో పాటు తీసి అడుగు నుంచి చూస్తే ఆ చుట్ట చర్మంలోంచే కనిపిస్తుంది.

ఇంకో వింత. పనికిరానిది మింగితే కప్ప ఏకంగా జీర్ణాశయాన్నే నోట్లోంచి బయటికి తిరగేసి, చేత్తో తుడుచుకుని మళ్లీ మింగేస్తుంది.

టోడ్‌ను పట్టుకుంటే మూత్రం పోస్తుంది. దాంతో పులిపిర్లు వస్తాయా?

రావు. పులిపిర్లు మనుషుల నుంచి మనుషులకు అంటుకునే వైరస్ వల్ల వస్తాయి. టోడ్ ఒంటి మీది బొడిపెలు గ్రంథులు, పులిపిర్లు కావు.

అది పోసేది కూడా చాలావరకు నీళ్లే. మూత్రాశయం పలచటి సంచి, అవస్కరానికి కింది వైపు తెరుచుకుంటుంది. కప్పకూ టోడ్‌కూ అది నీళ్ల నిల్వ కూడా. ఎండకు ఒళ్లు ఆరినప్పుడు ఆ సంచి గోడల్లోంచే నీటిని తిరిగి రక్తంలోకి పీల్చుకుంటుంది. మీరు పట్టుకోగానే భయంతో వదిలేసేది దాని నాలుగు రోజుల నీళ్లు కావచ్చు. వేసవిలో ఆటకు పట్టుకోవద్దనేది అందుకే.

మూత్రపిండాలు వెన్నెముకకు అటూ ఇటూ, ముదురు ఎరుపులో ఉంటాయి. పెద్ద కప్ప వ్యర్థ నత్రజనిని యూరియాగా, తోకకప్ప అమ్మోనియాగా వదులుతుంది. అమ్మోనియా విషం, దాన్ని పలచన చేయడానికి బోలెడు నీళ్లు కావాలి. నీళ్లలోనే ఉండే తోకకప్పకు ఆ బాధ లేదు.

ఆడ, మగ ఎలా గుర్తుపట్టాలి?

మగవాటికి గొంతు సంచులు, ముందుకాళ్ల మొదటి వేలు మీద గరుకు మెత్త ఉంటాయి. ఆ మెత్తతోనే జారే ఆడకప్పను గట్టిగా పట్టుకుంటుంది. లోపల చూస్తే వృషణాలు మూత్రపిండాల పై భాగానికి అతుక్కుని, లేత పసుపులో ఉంటాయి. వీర్యం మూత్రపిండంలోంచే ప్రయాణించి మూత్రనాళం ద్వారా బయటికి వస్తుంది, కాబట్టి మగదానిలో మూత్రానికీ వీర్యానికీ నాళం ఒకటే. ఆడదానిలో అండాశయాలకూ మూత్రపిండాలకూ సంబంధం లేదు, నాళాలు వేర్వేరు. ఆడకప్ప ఒక్కసారి 2500 నుంచి 3000 గుడ్లు పెడుతుంది, ఫలదీకరణ బయట నీళ్లలోనే.

అండాశయాల, వృషణాల పక్కనే వేళ్లలా చీలిన పసుపు కొవ్వు దేహాలు ఉంటాయి. తిండి దొరకని కాలానికీ గుడ్ల తయారీకీ అదే నిల్వ. బిడ్డర్ నాళం కప్ప మూత్రపిండంలో వీర్యం నడిచే దారి, బిడ్డర్ అవయవం టోడ్‌ది. ఈ రెంటినీ కలిపేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు.

అంత చిన్న ప్రాణికి అంత గొంతు ఎక్కడిది?

నోరు మూసుకునే అరుస్తుంది. ఊపిరితిత్తుల్లోని గాలిని స్వరపేటిక మీదుగా గొంతు సంచుల్లోకి, మళ్లీ వెనక్కి తిప్పుతుంది. గాలి బయటికి పోదు కాబట్టి రాత్రంతా అరవగలదు. సంచి ఉబ్బి శబ్దాన్ని చుట్టూ విరజిమ్ముతుంది. అరిచేది మగదే. చెవి బయటికి కనిపించదు, కంటి వెనక గుండ్రటి బిళ్ల కర్ణభేరి. లోపల మనకు మూడు చిన్న ఎముకలుంటే దానికి ఒక్కటే.

గెంతడానికి ఎముకల్లో ఏముంది?

వెన్నుపూసలు తొమ్మిదే, ఆ వెనక యూరోస్టైల్ అనే ఒక్క పొడవాటి ఎముక. వెన్ను పొట్టిగా, బిర్రుగా ఉంటే కాళ్ల తోపు వృథా కాదు. ముంజేతిలో రెండు ఎముకలు కలిసిపోయాయి, పిక్కలోనూ అంతే. చీలమండలో రెండు ఎముకలు సాగి కాలికి అదనంగా ఇంకో మడత ఇచ్చాయి. ముందుకాళ్లకు నాలుగు వేళ్లు, వెనక కాళ్లకు ఐదు. ముందుకాళ్లు నేల మీద పడ్డప్పుడు దెబ్బ తట్టుకోవడానికి.

మెదడు గురించి ఏం చదవాలి?

చూపును చూసుకునే దృష్టి లంబికలు పెద్దవి, ఒంటి కదలికను సరిచూసే అనుమస్తిష్కం చాలా చిన్నది, మెదడు నుంచి బయల్దేరే కపాల నాడులు పది జతలు. పరీక్షకు ఇంతే చాలు.

మా కుక్క టోడ్‌ను నోట కరుచుకుని నురగలు కక్కింది. ఏం చేయాలి?

టోడ్ కళ్ల వెనక ఉబ్బెత్తుగా రెండు గ్రంథులు ఉంటాయి. నొక్కుకుపోతే పాల లాంటి విషం కారుతుంది, అందులో గుండె లయ మీద పనిచేసే పదార్థాలు ఉంటాయి. కుక్క తల కిందికి వంచి నోటిని పక్క నుంచి నీళ్లతో బాగా కడగండి, నీళ్లు గొంతులోకి పోనీయకండి. నురగ ఆగకపోయినా, తూలినా వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మనం తాకితే ఏమీ కాదు, కానీ ఆ చేత్తో కళ్లు నలుపుకోకుండా సబ్బుతో కడుక్కోండి.

ఎండాకాలంలో కప్పలు ఎక్కడికి పోతాయి? వానతో పాటు పైనుంచి పడతాయా?

పడవు. ఎండిన కుంట బురద కింద, గట్ల బొరియల్లో, రాళ్ల సందుల్లో ఉంటాయి. కొన్ని జాతులకు వెనక పాదం కింద తవ్వడానికి గట్టి బొడిపె ఉంటుంది, వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ మట్టిలోకి దిగిపోతాయి. లోపల తిండి లేదు, ఊపిరితిత్తుల వాడకం లేదు. చర్మంతో వచ్చే కాస్త గాలి, మూత్రాశయంలో నీళ్లు, కొవ్వు దేహాలు, వీటితోనే నెలలు గడుపుతాయి. తొలి వాన తడి లోపలికి దిగగానే ఒక్కసారి బయటికి వస్తాయి కాబట్టి మనకు పైనుంచి పడ్డట్టు అనిపిస్తుంది.

కప్పతల్లి ఆటలో కప్పకు హాని జరుగుతుందా?

వానలు మొహం చాటేసిన ఏడు మన ఊళ్లలో పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి ఇంటింటికీ తిప్పుతారు, ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోస్తారు. పోసే నీళ్ల వల్ల చర్మం తడిగానే ఉంటుంది, ఇబ్బంది అక్కడ లేదు. తాడుతోనే. పక్కటెముకలు లేవు కాబట్టి తాడు బిగింపు నేరుగా కాలేయం మీద, ఊపిరితిత్తుల మీద పడుతుంది. రెండు ఇళ్ల మధ్య ఎండలో నడిచే దూరం కూడా తక్కువేం కాదు. ఆట మానమని నేను అనను, అది మన పిల్లలది. బంకమట్టి కప్పను చేసి కడితే ఆట ఆట లాగే ఉంటుంది.

పొలంలో మందు కొడితే కప్పలు కనిపించడం లేదు. నేరుగా మందు వల్లేనా?

నీళ్లు తాగే దారీ, గాలి పీల్చే దారీ చర్మమే కాబట్టి మడి నీటిలో కలిసినది ఏదైనా నోటితో పనిలేకుండా లోపలికి పోతుంది. గుడ్లకు పెంకు లేదు, ఒట్టి జిగురే. పురుగులు చచ్చిపోతే తిండి పోవడం వేరే దెబ్బ. మొక్కజొన్నలో కొట్టే అట్రాజిన్ అనే కలుపు మందు గురించి 2002లో అమెరికా శాస్త్రవేత్త టైరోన్ హేస్ బృందం ఒక ఫలితం ప్రచురించింది. చాలా తక్కువ మోతాదులోనే మగ తోకకప్పల జననాంగాల ఎదుగుదల మారిపోతోందన్నారు. దాని మీద శాస్త్రవేత్తల మధ్య గట్టి వాదన నడిచింది. చర్మాన్ని పట్టే కైట్రిడ్ అనే బూజు కథ ఇంకా సూటిగా ఉంటుంది. అది చర్మంలోంచి లవణాల రాకపోకలను చెడగొడుతుంది, రక్తంలో లవణాలు తగ్గి చివరికి గుండె ఆగిపోతుంది. చర్మ వ్యాధి గుండె ఆగడంతో ముగియడం కప్పలో చూస్తాం.

మేం కాలేజీలో కప్పను కోసి చూడాలా?

వద్దు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2011లో కోతలు తగ్గించమంది, 2014లో డిగ్రీ, పీజీ జువాలజీలో మానేయమంది. అడవి కప్పలను పట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. విదేశాలకు కప్ప కాళ్ల ఎగుమతిని 1987లోనే ఆపేశారు. మోడల్, వీడియో, మంచి బొమ్మ చాలు. నా మాట వింటే బొమ్మ చూసి గీయడం కన్నా, పుస్తకం మూసేసి రక్తం దారిని చర్మం నుంచి చర్మం దాకా నోటితో చెప్పుకోండి.

తోకకప్ప కప్పగా మారడం చూడాలంటే ఇంటికి తెచ్చుకోవాలా?

అక్కర్లేదు. నాటు వేసిన మడి మూలలో, వాన నిలిచిన గుంటలో రెండు మూడు రోజులకోసారి వెళ్లి చూడండి. ముందు వెనక కాళ్లు కనిపిస్తాయి. ముందుకాళ్లు చర్మం కింద మొప్పల గదిలోనే పెరిగి ఒక్కసారి బయటికి పొడుచుకొస్తాయి. ఈ మార్పంతా నడిపేది థైరాయిడ్ హార్మోన్. 1912లో గుడెర్నాష్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు థైరాయిడ్ గ్రంథి తినిపిస్తే అవి ఈడు రాకుండానే చిన్న చిన్న కప్పలైపోయాయి. ముందుకాళ్లు వచ్చాక కొన్ని రోజులు అది ఏమీ తినదు. నోరు వెడల్పవుతూ, పేగు కుదించుకుపోతూ ఉంటుంది, తోక కణాలు వాటంతట అవే కరిగి ఒంట్లో కలిసిపోతాయి. ఆ రోజుల్లో మొప్పలు పోతుంటాయి కాబట్టి నీళ్లలోంచి పైకెక్కడానికి గట్టు వాలు కావాలి. సిమెంటు తొట్టిలో గుడ్లు కనిపిస్తే ఒక రాయో కట్టెముక్కో వాలుగా పెట్టండి, లేదంటే కప్పలయ్యాక మునిగి చస్తాయి.